త్వరణమాపకం

త్వరణమాపకం లేదా యాక్సిలరోమీటరు అనగా ఒక వస్తువు చలనంలో ఏర్పడే త్వరణాన్ని కొలిచే సాధనం. వేగం మారే రేటును భౌతికశాస్త్రంలో త్వరణం అంటారు. వస్తువు కదలడం, ఆగడం, వంగడం, కంపించడం, పడిపోవడం, దేనికైనా ఢీకొనడం వంటి మార్పులన్నింటిలోను త్వరణం ఉంటుంది కనుక ఈ సాధనాన్ని చలన సంవేదకంగా (మోషన్ సెన్సరుగా) విస్తృతంగా వాడుతున్నారు. చరవాణిని అడ్డంగా తిప్పగానే తెరమీది బొమ్మ కూడా తిరగడానికి, కారు ఢీకొన్న వెంటనే గాలిసంచి తెరచుకోవడానికి, కర్మాగారంలో మోటారు బేరింగు అరిగిపోతున్నదని ముందే తెలియడానికి, భూకంప తీవ్రతను నమోదు చేయడానికి ఆధారం ఈ సాధనమే. అయితే ఈ పనులన్నింటికీ ఒకే త్వరణమాపకం సరిపోదు. ఒక పనికి చక్కగా పనికివచ్చేది మరొక పనిలో తప్పుడు కొలతలు ఇవ్వవచ్చు. కావున దీని సూత్రంతో పాటు ఎంపిక చేసే పద్ధతిని కూడా తెలుసుకోవలసి ఉంటుంది.

త్వరణమాపకం కొలిచేది ఏమిటి

త్వరణానికి అంతర్జాతీయ ప్రమాణం మీటరు/సెకను². ఆచరణలో మాత్రం దీనిని భూమి గురుత్వ త్వరణంతో పోల్చి "జీ"లలో చెప్పడం పరిపాటి. ప్రామాణిక విలువ ప్రకారం 1 జీ = 9.80665 మీటర్లు/సెకను². ఇందులో వెయ్యవ వంతును మిల్లీజీ అంటారు. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతున్న బస్సు 5 సెకన్లలో ఆగితే దాని సగటు రుణ త్వరణం 3 మీటర్లు/సెకను², అనగా సుమారు 0.3 జీ. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడకు ఢీకొని 0.1 సెకనులో ఆగితే అది సగటున 14 జీలు అవుతుంది. గరిష్ఠ విలువ ఇంకా చాలా ఎక్కువగా ఉంటుంది.

విద్యార్థులు సాధారణంగా పొరబడే అంశం ఒకటి ఇక్కడ ఉన్నది. బల్లమీద కదలకుండా ఉన్న త్వరణమాపకం సున్నాను చూపదు. ఊర్ధ్వ దిశలో 1 జీ చూపుతుంది. అదే సాధనాన్ని పైనుంచి వదిలివేస్తే, అది కిందకు పడుతున్నంతసేపు దాదాపు సున్నాను చూపుతుంది. దీనికి కారణం, లోపల ఉన్న చిన్న ద్రవ్యరాశిని దాని ఆధారం ఎంత బలంతో నెడుతున్నదో మాత్రమే ఈ సాధనం గుర్తించగలగడం. బల్లమీద ఉన్నప్పుడు ఆధారం ఆ ద్రవ్యరాశిని పడిపోకుండా పైకి నెడుతుంది. స్వేచ్ఛా పతనంలో సాధనము, ద్రవ్యరాశి రెండూ కలిసే పడుతున్నందున నెట్టవలసిన అవసరం ఉండదు. లిఫ్టు పైకి బయలుదేరేటప్పుడు మన కాళ్ళు నేలకు మరింత గట్టిగా అదుముకున్నట్లు అనిపించడం కూడా ఈ కొలతకు సంబంధించినదే.

దీనినుండి రెండు ముఖ్య విషయాలు తెలుస్తాయి. మొదటిది, గురుత్వాన్ని, చలనం వలన కలిగిన త్వరణాన్ని ఈ సాధనం దానంతట అది వేరుచేయలేదు. రెండవది, సమవేగంతో సరళరేఖలో పోయే వస్తువు కదులుతున్నదో ఆగి ఉన్నదో దీనికి తెలియదు. కుదుపు లేకుండా సమవేగంతో సాగే రైలుపెట్టెలోని త్వరణమాపకం స్టేషనులో ఆగి ఉన్న పెట్టెలోని దానివలెనే చూపుతుంది. మనుషులు గదిలోకి రాగానే దీపాలు వెలిగించే చలన సంవేదకాలు శరీర ఉష్ణం నుంచి వెలువడే పరారుణ కిరణాల ఆధారంగా పనిచేస్తాయి. అవి వేరే జాతికి చెందినవి. త్వరణమాపకం తాను బిగించబడిన వస్తువు చలనాన్ని మాత్రమే తెలుపుతుంది.

పనిచేసే సూత్రం

దాదాపు అన్ని త్వరణమాపకాలలోను ఒక చిన్న ద్రవ్యరాశి, దానిని పెట్టెకు కలిపే స్ప్రింగు వంటి భాగం, డోలనాలను అణచే ఏర్పాటు ఉంటాయి. పెట్టె ఒక్కసారిగా ముందుకు కదిలితే జడత్వం వలన లోపలి ద్రవ్యరాశి వెనుకబడుతుంది. బస్సు కదలగానే నిలబడిన ప్రయాణికులు వెనుకకు తూలడం ఇటువంటిదే. న్యూటన్ రెండవ నియమం ప్రకారం బలం ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధానికి సమానం. హుక్ నియమం ప్రకారం స్ప్రింగు సాగిన దూరం బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కావున ఆ స్థానభ్రంశాన్ని కొలిస్తే త్వరణం తెలుస్తుంది.

ఈ స్థానభ్రంశం ఎంత అనేది వ్యవస్థ సహజ పౌనఃపున్యంపై ఆధారపడుతుంది. సహజ పౌనఃపున్యం రెట్టింపైతే అదే త్వరణానికి కలిగే స్థానభ్రంశం నాలుగవ వంతుకు తగ్గుతుంది. అందువలన మెత్తని స్ప్రింగు గల సాధనం స్వల్ప త్వరణాలను బాగా గుర్తించగలదు గాని త్వరగా మారే కంపనాలను అనుసరించలేదు. గట్టి స్ప్రింగు గలది వేగవంతమైన కంపనాలను అనుసరిస్తుంది గాని స్వల్ప త్వరణాలకు తగినంతగా కదలదు. ఒకటి పెంచితే రెండవది తగ్గే ఈ సంబంధమే త్వరణమాపకాల రూపకల్పనకు మూలం. సహజ పౌనఃపున్యం 5.5 కిలోహెర్ట్జ్ ఉన్న సూక్ష్మ త్వరణమాపకంలో 1 జీ త్వరణానికి ద్రవ్యరాశి జరిగే దూరం సుమారు 8 నానోమీటర్లు మాత్రమే. అంత చిన్న కదలికను విద్యుత్ సంకేతంగా మార్చడంలోనే ఈ సాధనాల నైపుణ్యమంతా ఉన్నది.

చరిత్ర

ఆంగ్ల శాస్త్రవేత్త జార్జి అట్‌వుడ్ 1784లో ప్రచురించిన గ్రంథంలో కప్పీమీద వేలాడే రెండు బరువుల సహాయంతో త్వరణాన్ని పరిశీలించే యంత్రాన్ని వర్ణించాడు. పాఠశాల ప్రయోగశాలలలో ఈ యంత్రం నేటికీ కనిపిస్తుంది. 1880లో ఫ్రాన్సుకు చెందిన పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను ఒత్తినప్పుడు వాటి ముఖాలపై విద్యుదావేశం ఏర్పడుతుందని కనుగొన్నారు. దీనిని పీడన విద్యుత్ ఫలితం అంటారు.

1920లలో అమెరికాలో మెక్‌కొలమ్, పీటర్స్ అనే పరిశోధకులు కార్బను వలయాల దొంతరలతో విద్యుత్ నిరోధంపై ఆధారపడిన త్వరణమాపకాన్ని రూపొందించారు. 1938లో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అనేవారు వేరువేరుగా వికృతిమాపక తీగను (స్ట్రెయిన్ గేజిని) కనిపెట్టడంతో ఈ సాధనాలు మరింత చిన్నవైనాయి. 1940లలో పీడన విద్యుత్ త్వరణమాపకాలు వ్యాపార ప్రాతిపదికన తయారు కాసాగాయి.

1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయిలెన్స్, ఏంజెల్ అనేవారు సిలికాను పలకను చెక్కి త్వరణమాపకాన్ని తయారుచేసిన విధానాన్ని ప్రకటించారు. ఎలక్ట్రానిక్ చిప్పులను తయారుచేసే పద్ధతులతోనే సూక్ష్మయంత్రాలను కూడా తయారుచేయవచ్చునని ఇది నిరూపించింది. వీటినే మెమ్స్ సాధనాలు అంటారు. 1990ల తొలి సంవత్సరాలలో అనలాగ్ డివైసెస్ సంస్థ కార్ల గాలిసంచుల కోసం 50 జీల వరకు కొలిచే ఏడీఎక్స్ఎల్50 అనే చిప్పును విడుదల చేసింది. ధర తగ్గేకొద్దీ వాడకం పెరిగింది. 2003లో ఐబీఎం తన థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్కు రక్షణకు, 2006లో నింటెండో తన వీ ఆట పరికరపు చేతి నియంత్రికలో, 2007లో ఆపిల్ తన మొదటి ఐఫోనులో త్వరణమాపకాన్ని వాడాయి. నేడు స్మార్ట్‌ఫోను ఉన్న ప్రతివారి జేబులోను ఒక త్వరణమాపకం ఉన్నట్లే.

రకాలు

లోపలి ద్రవ్యరాశి కదలికను సంకేతంగా మార్చే విధానాన్ని బట్టి త్వరణమాపకాలను ఈ క్రింది విధంగా విభజించవచ్చు.

* పీడన విద్యుత్ రకం: ఇందులో ద్రవ్యరాశి ఒక క్వార్ట్జ్ స్ఫటికాన్ని గాని, ప్రత్యేకమైన సిరామిక్ ముక్కను గాని ఒత్తుతుంది. ఆ ఒత్తిడికి తగిన విద్యుదావేశం పుడుతుంది. కొన్ని హెర్ట్జ్‌ల నుంచి 10 కిలోహెర్ట్జ్ వరకు, కొన్నింటిలో అంతకు మించి, కంపనాలను ఇది కొలుస్తుంది. అయితే పుట్టిన ఆవేశం క్రమంగా కారిపోతుంది కనుక స్థిరమైన త్వరణాన్ని, అనగా గురుత్వాన్ని, వాలును ఇది కొలవలేదు. కర్మాగారాలలో వాడేవాటిలో ఒక జీకి 100 మిల్లీవోల్టుల సున్నితత్వం గలవి ఎక్కువ.

* పీడన నిరోధ రకం: ఇందులో సన్నని సిలికాను దూలం వంగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. స్థిర త్వరణాన్ని కూడా కొలుస్తుంది. అత్యధిక త్వరణాలను తట్టుకునేలా తయారుచేయవచ్చు కనుక వాహనాల ఢీకొను పరీక్షలలో వాడతారు. ఉష్ణోగ్రత మార్పులకు ఎక్కువగా లోనవుతుంది.

* కెపాసిటరు రకం: కదిలే ద్రవ్యరాశికి దువ్వెన పళ్ళవంటి సూక్ష్మ పలకలు ఉంటాయి. అవి స్థిరంగా ఉన్న పళ్ళ మధ్య జరిగినప్పుడు కెపాసిటెన్స్ మారుతుంది. చరవాణులలోను, ఆట వస్తువులలోను, విద్యార్థుల ప్రాజెక్టులలోను కనిపించే మెమ్స్ చిప్పులు చాలావరకు ఈ రకానివే. చవకైనవి, విద్యుత్తును బహు తక్కువగా వాడుకుంటాయి, సున్నా హెర్ట్జ్ నుంచి పనిచేస్తాయి.

* బలసమతుల్య రకం (సర్వో): ద్రవ్యరాశి కదలబోయినప్పుడు విద్యుత్ బలంతో దానిని యథాస్థానంలో నిలుపుతారు. అందుకు కావలసిన విద్యుత్ ప్రవాహమే త్వరణానికి కొలత. మిక్కిలి ఖచ్చితమైనవి, ఖరీదైనవి. విమానాలు, రాకెట్ల మార్గనిర్దేశంలోను, భూకంప నమోదులోను వాడతారు.

* ఉష్ణ రకం: ఇందులో ఘన ద్రవ్యరాశి ఉండదు. చిన్న గదిలో వేడిచేసిన వాయువు త్వరణం వలన పక్కకు జరగడాన్ని ఉష్ణోగ్రత భేదం ద్వారా గుర్తిస్తారు. కదిలే భాగాలు లేనందున దెబ్బలకు బాగా తట్టుకుంటుంది గాని వేగవంతమైన కంపనాలకు పనికిరాదు.

సాంకేతిక పత్రంలో చూడవలసిన అంశాలు

ప్రతి త్వరణమాపకంతో పాటు తయారీదారు ఒక సాంకేతిక పత్రాన్ని (డేటాషీటును) ఇస్తాడు. అందులోని ముఖ్యమైన పదాల అర్థం ఇది.

* కొలత పరిధి: ఎంత గరిష్ఠ త్వరణం వరకు కొలవగలదో తెలుపుతుంది. ±2 జీ అనగా రెండు దిశలలోను 2 జీల వరకు అని అర్థం. అంతకు మించితే కొలత ఆ అంచువద్దనే ఆగిపోతుంది. తట్టుకునే దెబ్బ వేరు, కొలిచే పరిధి వేరు. మీటరు ఎత్తునుంచి గచ్చుమీద పడిన వస్తువు వెయ్యవ వంతు సెకనులో ఆగిందనుకుంటే దానిపై సగటు త్వరణం సుమారు 450 జీలు. ±16 జీల వరకు మాత్రమే కొలిచే ఏడీఎక్స్ఎల్345 చిప్పు 10,000 జీల దెబ్బను తట్టుకుంటుందని దాని పత్రం చెబుతుంది.

* సున్నితత్వం: ఒక జీకి సంకేతం ఎంత మారుతుందో తెలుపుతుంది. ఏడీఎక్స్ఎల్335 అనే అనలాగ్ చిప్పు 3 వోల్టుల సరఫరా వద్ద జీకి 300 మిల్లీవోల్టులు ఇస్తుంది. డిజిటల్ చిప్పులలో దీనిని అంకెలలో చెబుతారు. ఎంపీయూ-6050 చిప్పు ±2 జీ పరిధిలో జీకి 16,384 అంకెలు ఇస్తుంది.

* విభేదన సామర్థ్యం: గుర్తించగల కనిష్ఠ మార్పు. 10 బిట్ల సాధనం తన పరిధిని 1024 భాగాలు చేస్తుంది. ±2 జీ పరిధిలో ఒక భాగం 3.9 మిల్లీజీలు, ±16 జీ పరిధిలో 31 మిల్లీజీలు. కావున అవసరానికి మించిన పరిధిని ఎంచుకుంటే సన్నని వివరాలు పోతాయి.

* రొద: ఏ చలనమూ లేనప్పుడు కూడా సంకేతంలో కనిపించే అస్తవ్యస్తమైన ఊగిసలాట. దీనిని హెర్ట్జ్ వర్గమూలానికి ఇన్ని మైక్రోజీలు అని ఇస్తారు. ఏడీఎక్స్ఎల్335కు ఇది రెండు అక్షాలపై 150. దానిని 50 హెర్ట్జ్ వరకు వాడితే, సాధారణ వడపోతకు 1.6 గుణకం తీసుకుని, 80 వర్గమూలంతో గుణించాలి, సుమారు 1.3 మిల్లీజీలు వస్తుంది. అంతకన్నా చిన్న మార్పులు రొదలో కలిసిపోతాయి. బిట్లు ఎక్కువగా ఉన్నంత మాత్రాన కొలత మెరుగు కాదని దీనివలన గ్రహించవచ్చు.

* పౌనఃపున్య పరిధి: ఎంత వేగంగా మారే త్వరణాన్ని నమ్మకంగా కొలవగలదో తెలుపుతుంది. సహజ పౌనఃపున్యాన్ని సమీపించేకొద్దీ అనునాదం వలన కొలత పెరిగిపోతుంది. సహజ పౌనఃపున్యంలో అయిదవ వంతు వద్ద దోషం సుమారు 4 శాతం, మూడవ వంతు వద్ద సుమారు 12 శాతం ఉంటుంది.

* సున్నా స్థాయి దోషం: త్వరణం లేనప్పుడు చూపే విలువ సున్నాకు ఎంత దూరంగా ఉన్నదో తెలుపుతుంది. ఇది ఉష్ణోగ్రతతో కూడా మారుతుంది.

* అక్షాల సంఖ్య: ఒకే దిశలో కొలిచేవి, రెండు లేక మూడు పరస్పర లంబ దిశలలో కొలిచేవి ఉన్నాయి.

ఎంపిక చేసే పద్ధతి

ఎంపికలో మొదటి ప్రశ్న సాధనం గురించి కాక చలనం గురించి ఉండాలి. కొలవవలసిన చలనం నిదానమైనదా, వేగమైనదా? అది ఎన్ని జీల వరకు పోవచ్చు? ఎంత చిన్న మార్పు తెలియాలి? ఈ మూడింటికి సమాధానాలు వస్తే రకము, పరిధి, పౌనఃపున్యం వాటంతటవే తేలుతాయి. ధర, విద్యుత్ వినియోగం, పరిమాణం తరువాతి అంశాలు. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

వాలును కొలవడం: సాధనం వంగినప్పుడు అక్షం మీద పడే గురుత్వ భాగం వాలుకోణపు సైన్ విలువకు సమానం. క్షితిజ సమాంతర స్థితినుంచి ఒక డిగ్రీ వంగితే మార్పు 17.5 మిల్లీజీలు. కాని నిలువుగా ఉన్న అక్షం ఒక డిగ్రీ వంగితే మార్పు 0.15 మిల్లీజీ మాత్రమే. అందుకే ఒకే అక్షంతో అన్ని కోణాలను సమానంగా కొలవలేము. మూడక్షాల సాధనం తీసుకోవాలి. స్థిర త్వరణాన్ని కొలవాలి కనుక పీడన విద్యుత్ రకం పనికిరాదు. ±2 జీ పరిధి గల కెపాసిటరు రకం మెమ్స్ చిప్పు చాలు.

యంత్ర కంపనాలు: నాలుగు ధ్రువాల ఇండక్షన్ మోటారు పూర్తి భారంతో నిమిషానికి సుమారు 1440 సార్లు, అంటే సెకనుకు 24 సార్లు తిరుగుతుంది. కంపన త్వరణం కంపన పరిమితికి, పౌనఃపున్యపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఇరుసు 0.1 మిల్లీమీటరు పరిమితితో ఊగితే 24 హెర్ట్జ్ వద్ద త్వరణం 0.23 జీ మాత్రమే. బేరింగులో పగులు వలన 2000 హెర్ట్జ్ వద్ద కేవలం ఒక మైక్రోమీటరు కంపనం పుడితే త్వరణం 16 జీలు అవుతుంది. చేతితో తాకితే తెలియని కంపనం త్వరణమాపకానికి పెద్దదిగా కనిపించడానికి కారణం ఇదే. ఇరుసు సమతౌల్యం చూడడానికి చవకైన మెమ్స్ చిప్పు సరిపోవచ్చు. బేరింగు దోషాలను తొలిదశలో పట్టుకోవాలంటే 10 కిలోహెర్ట్జ్ వరకు పనిచేసే పీడన విద్యుత్ రకం గాని, అంతటి పరిధి గల ప్రత్యేక మెమ్స్ రకం గాని అవసరం.

వస్తువు పడిపోవడాన్ని గుర్తించడం: 75 సెంటీమీటర్ల ఎత్తు బల్లమీదనుంచి ల్యాప్‌టాప్ నేలను చేరడానికి 0.39 సెకను పడుతుంది. ఆ సమయంలో మూడు అక్షాలు దాదాపు సున్నాను చూపుతాయి. ఇది గమనించి హార్డ్ డిస్కు తన చదివే తలను పక్కకు తీసుకుంటుంది. ఇక్కడ కావలసినది విశాల పరిధి కాదు. సెకనుకు కనీసం వందసార్లు చదవడం, అంతరాయ సంకేతం వెంటనే పంపడం. వృద్ధులు జారిపడడాన్ని గుర్తించడం ఇంతకంటే కష్టం. మనిషి పూర్తి స్వేచ్ఛా పతనంలో పడడు. గోడనో కుర్చీనో పట్టుకుంటూ ఒరుగుతాడు. అందువలన త్వరణం తగ్గడం, దెబ్బ తగలడం, శరీరపు దిశ మారడం, ఆ తరువాత కదలిక లేకపోవడం అనే క్రమమంతటినీ చూడవలసి ఉంటుంది.

వాహనం ఢీకొనడం: ఇందుకు పదులనుంచి వందల జీల వరకు కొలిచే సాధనం కావాలి. చరవాణులలో సాధారణంగా వాడే ±16 జీల పరిధి ఇందుకు చాలదు. 2022లో ఐఫోను 14తో ప్రమాద గుర్తింపు సదుపాయం ప్రవేశపెట్టినప్పుడు ఆపిల్ సంస్థ 256 జీల వరకు కొలిచే త్వరణమాపకాన్ని అందులో చేర్చింది. అయినను వినోద పార్కులలోని రోలర్ కోస్టర్ ఎక్కినవారి ఫోనులు ప్రమాదం జరిగినదని అత్యవసర కేంద్రాలకు పిలుపులు పంపిన సంఘటనలు ఆ ఏడాదే వార్తలకెక్కాయి. సరైన పరిధి ఉన్నా, సంకేతానికి అర్థం చెప్పే పద్ధతి కూడా సరిగా ఉండాలని ఇది తెలుపుతుంది.

విద్యార్థుల ప్రాజెక్టులు: మైక్రోకంట్రోలరుకు అనలాగ్ ద్వారం ఉంటే ఏడీఎక్స్ఎల్335 వంటిది అర్థం చేసుకోవడానికి సులభం. దాని అవుట్‌పుట్ వద్ద 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే 50 హెర్ట్జ్‌కు మించిన కంపనాలు వడగట్టబడతాయి. డిజిటల్ చిప్పులు తీగల రొదకు లోనుకావు. ఏడీఎక్స్ఎల్345లో ±2 జీ నుంచి ±16 జీ వరకు నాలుగు పరిధులను ప్రోగ్రాముతో మార్చుకోవచ్చు. భ్రమణాన్ని కూడా కొలవవలసి ఉంటే గైరోస్కోపు కలిసి ఉన్న ఎంపీయూ-6050 వంటిది తీసుకోవాలి. ఈ చిప్పులు సుమారు 3 వోల్టుల మీద పనిచేస్తాయి కనుక 5 వోల్టుల పలకలకు కలిపేముందు పత్రంలోని హద్దులను చూసుకోవాలి.

సంకేతాన్ని ఎన్నిసార్లు చదవాలి అన్న ప్రశ్నకు, కొలిచే గరిష్ఠ పౌనఃపున్యానికి రెండు రెట్ల కంటె ఎక్కువ అన్నది కనీస నియమం. అంతకు మించి అయిదు నుంచి పది రెట్లు చదవడం మంచిది. తగినన్ని సార్లు చదవకపోతే వేగవంతమైన కంపనం నిదానమైన కంపనంగా కనిపించి మోసగిస్తుంది. తిరిగే ఫంకా రెక్కలు దీపపు మినుకులలో వెనుకకు తిరుగుతున్నట్లు కనిపించడం ఇటువంటిదే.

అమర్చే విధానం

మంచి సాధనాన్ని వదులుగా బిగిస్తే అది యంత్రపు కంపనాన్ని కాక తన ఊగిసలాటనే కొలుస్తుంది. మరతో బిగించడం అన్నిటికంటె ఉత్తమం. తరువాత గట్టి జిగురు, పలుచని మైనపు పొర, అయస్కాంతం వరుసగా వస్తాయి. చేతితో ఒత్తిపట్టుకునే పద్ధతిలో కొలవగల పౌనఃపున్యం బాగా తగ్గిపోతుంది. సాధనం బరువు అది కూర్చున్న భాగపు బరువులో పదవ వంతుకు మించరాదు. మించితే దాని బరువే కంపనాన్ని మారుస్తుంది. తీగ వేలాడుతూ కొట్టుకోకుండా దగ్గరలోనే కట్టివేయాలి.

దిశ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సూర్యుని నుంచి వెలువడే సౌరపవన కణాలను సేకరించి 2004 సెప్టెంబరు 8న భూమికి తిరిగివచ్చిన నాసా వారి జెనెసిస్ నౌక గుళికలో, వాతావరణంలో ప్రవేశించినట్లు త్వరణం ద్వారా గుర్తించవలసిన మీటలు తలకిందులుగా అమర్చబడి ఉన్నాయి. అవి పనిచేయనందున పారాచూట్లు తెరుచుకోలేదు. గుళిక అమెరికాలోని యూటా ఎడారిలో నేలను ఢీకొని పగిలింది. శాస్త్రవేత్తలు శ్రమించి నమూనాలలో కొంతభాగాన్ని రక్షించుకోగలిగారు. సాధనంలో లోపం లేకపోయినా, అమరిక దిశ తప్పినందున ఇంత నష్టం వాటిల్లింది.

సరిచూసుకోవడం

త్వరణమాపకాన్ని సరిచూడడానికి ప్రకృతి ఇచ్చిన ప్రమాణం గురుత్వమే. ఒక అక్షాన్ని నిట్టనిలువుగా పైకి ఉంచి ఒకసారి, కిందికి ఉంచి ఒకసారి కొలతలు తీసుకోవాలి. వాటి మొత్తంలో సగం సున్నా స్థాయి. తేడాలో సగం సున్నితత్వం. ఉదాహరణకు పైకి ఉన్నప్పుడు 1.82 వోల్టులు, కిందికి ఉన్నప్పుడు 1.22 వోల్టులు వస్తే సున్నా స్థాయి 1.52 వోల్టులు, సున్నితత్వం జీకి 0.30 వోల్టు. మూడు అక్షాలకు ఇదే విధంగా ఆరు స్థితులలో చేయాలి. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ వద్ద సుమారు 9.78, ధ్రువాల వద్ద 9.83 మీటర్లు/సెకను² ఉంటుంది కనుక మిక్కిలి ఖచ్చితమైన పనులకు స్థానిక విలువను వాడాలి. పీడన విద్యుత్ రకానికి ఈ పద్ధతి వర్తించదు. దానిని తెలిసిన కంపనాన్నిచ్చే ప్రత్యేక పీఠంపై సరిచూస్తారు.

పరిమితులు

త్వరణాన్ని ఒకసారి సమాకలనం చేస్తే వేగము, రెండుసార్లు చేస్తే దూరము వస్తాయని గణితం చెబుతుంది. కావున చవకైన త్వరణమాపకంతో ప్రయాణించిన దూరాన్ని కొలవవచ్చునని చాలామంది భావిస్తారు. ఆచరణలో చిన్న దోషం కూడా కాలవర్గంతో పాటు పెరుగుతుంది. సున్నా స్థాయిలో ఒక మిల్లీజీ దోషం ఉంటే 10 సెకన్లలో దూరంలో దోషం సుమారు అర మీటరు, ఒక నిమిషంలో 17 మీటర్లకు పైగా అవుతుంది. సాధనం ఒక డిగ్రీ వంగిన సంగతి తెలియకపోతే 10 సెకన్లలోనే 8 మీటర్లకు పైగా తప్పు వస్తుంది. అందువలన దూరం, స్థానం కావలసినప్పుడు గైరోస్కోపు, ఉపగ్రహ స్థాన నిర్ణయ వ్యవస్థ, చక్రాల భ్రమణ లెక్కింపు వంటివాటితో కలిపి వాడతారు. నిలువు అక్షం చుట్టూ జరిగే భ్రమణంలో గురుత్వ దిశ మారదు కనుక దానిని కూడా త్వరణమాపకంతో గుర్తించలేము. అందుకు గైరోస్కోపు గాని దిక్సూచి గాని కావాలి.

భూకంపాలు, అంతరిక్షం

బలమైన భూకంపం వచ్చినప్పుడు అతిసున్నితమైన సాధారణ భూకంపలేఖినుల కొలత పరిధి దాటిపోతుంది. అటువంటప్పుడు నేల ఎంత త్వరణంతో ఊగినదో త్వరణలేఖినులే నమోదు చేస్తాయి. 1933 మార్చి 10న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ భూకంపంలో ఇటువంటి నమోదులు తొలిసారి లభించాయి. మన దేశంలో 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కోయినా వద్ద వచ్చిన భూకంపాన్ని ఆనకట్టలో అమర్చిన త్వరణలేఖిని నమోదు చేసింది. ఆ నమోదును ఆనకట్టల భద్రతపై జరిగే పరిశోధనలలో నేటికీ వాడుతున్నారు. ఇంజనీర్లు కట్టడాల దృఢత్వాన్ని లెక్కించడానికి ఇటువంటి కొలతలే ఆధారం.

చరవాణులలోని త్వరణమాపకాలను కూడా ఈ పనికి వినియోగిస్తున్నారు. ఆండ్రాయిడ్ ఫోనులు కదలకుండా ఉన్నప్పుడు నేల కంపనాన్ని గుర్తించి సమాచారం పంపగా, ఒక ప్రాంతంలోని అనేక ఫోనులు ఒకేసారి అటువంటి సమాచారం ఇస్తే భూకంపంగా నిర్ధారించి హెచ్చరికలు పంపే వ్యవస్థను గూగుల్ సంస్థ 2023 సెప్టెంబరులో భారతదేశంలో ప్రవేశపెట్టింది. ఒక్క ఫోను కదలికను బట్టి ఏమీ చెప్పలేము. వేల ఫోనులు కలిస్తే నమ్మదగిన సాక్ష్యం అవుతుంది.

2023 జూలై 14న ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి బయలుదేరి ఆగస్టు 23న చంద్రునిపై దిగిన చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండరులో ఇల్సా అనే చంద్రకంప పరికరం ఉన్నది. ఇందులో సిలికానుతో దేశీయంగా తయారుచేసిన ఆరు అతిసున్నిత త్వరణమాపకాల సముదాయం ఉంది. దీనిని బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాల లియోస్ రూపొందించింది. ఇందులోనూ స్ప్రింగుకు కట్టిన ద్రవ్యరాశి, దువ్వెన పళ్ళవంటి విద్యుద్ధ్రువాలే ఉన్నాయి. ఆగస్టు 25న ప్రజ్ఞాన్ రోవరు కదలికల వలన చంద్రుని నేలలో పుట్టిన కంపనాలను, ఆగస్టు 26న సహజమైనదిగా కనిపించిన మరొక కంపనాన్ని ఈ పరికరం నమోదు చేసింది. పాఠ్యపుస్తకంలోని స్ప్రింగు, బరువుల ప్రయోగమే చిప్పు రూపంలో చంద్రునిపై పనిచేసిందన్నమాట.

ఇవి కూడా చూడండి

* త్వరణం
* న్యూటన్ గమన నియమాలు
* గురుత్వాకర్షణ
* పీడన విద్యుత్ ఫలితం
* గైరోస్కోపు
* భూకంపలేఖిని
* చంద్రయాన్-3